థాకుంగ్ ఆకాశంలో రెండు వెలుగులు: ఒక సరిహద్దు కేసు

2012 ఆగస్టు నుంచి 2013 ఫిబ్రవరి దాకా లద్దాఖ్‌లో చైనా సరిహద్దు కాస్తున్న మన సైనికులు గుర్తు తెలియని వెలుగులను 329 సార్లు చూసినట్టు రాసుకున్నారు. వాటిలో 155 సార్లు ఆ వెలుగు వాస్తవాధీన రేఖ (ఎల్‌ఏసీ) దాటి మన వైపు వచ్చినట్టు లెక్కకెక్కింది. చైనా డ్రోన్లేమోనని అనుమానం. చివరికి సైన్యం బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థను (ఐఐఏ) అడిగింది. ఐఐఏ శాస్త్రజ్ఞులు చూసి చెప్పిన జవాబు ఇది: ఒకటి గురుగ్రహం, రెండోది శుక్రుడు.

ఈ సంగతి 2013 జూలైలో పత్రికలకెక్కినప్పుడు నవ్వని వాళ్లు తక్కువ. వేగుచుక్కను చూసి డ్రోన్ అనుకున్నారట అని జోకులు వేసుకున్నారు. ఆకాశంలో ఏదో వింత కనిపించిందన్న కబురు వస్తే దాన్ని విప్పి చూడడం నాకు చాలాకాలంగా అలవాటైన పని. కొత్తగా ఆకాశం చూడడం నేర్చుకునేవాళ్లకు నేను మొదట చెప్పే కేసు కూడా ఇదే. అందరూ నవ్వే చోట నాకు పెద్దగా నవ్వు రాదు. కాపలావాడు వెలుగును చూశాడు, ఉన్నదున్నట్టు రాశాడు, పైకి పంపాడు. అతని ఉద్యోగం అంతవరకే. నా లెక్కలో లోటు మనిషిలో లేదు, రిజిస్టరులో ఉంది. వెలుగు ఏ కొండ మీద ఉంది, సరస్సుకు ఎటు ఉంది, గీతకు ఇవతలా అవతలా అన్నవి రాసే గళ్లున్నాయి. ఏ నక్షత్రం పక్కన ఉంది అన్న గడి లేదు. కేసు మొత్తం ఆ ఒక్క గడి కోసం నెలల తరబడి ఆగింది.

చోటు, కాలం

పాంగాంగ్ త్సో సముద్ర మట్టానికి సుమారు 4,300 మీటర్ల ఎత్తున, పడమటి నుంచి తూర్పుకు 130 కిలోమీటర్లకు పైగా సాగిన సన్నని ఉప్పునీటి సరస్సు. పడమటి వైపు దాదాపు మూడో వంతు మన చేతిలో ఉంది, తూర్పున మిగిలినదంతా చైనా చేతిలో. థాకుంగ్ దీని దక్షిణపు ఒడ్డు మీది పోస్టు. ఇక్కడ ఎల్‌ఏసీ అంటే నేల మీద కంచె కాదు, ఎవరి పటం వాళ్లది, ఎవరి గీత వాళ్లది. దగ్గరలోనే 1962లో పోరాడిన చుషూల్, రెజాంగ్ లా ఉన్నాయి. వెలుగుల రిజిస్టరు ముగిసిన రెండు నెలలకే, 2013 ఏప్రిల్ 15న, ఉత్తరాన దెప్సాంగ్‌లో చైనా దళం గుడారాలు వేసి మూడు వారాల దాకా కదల్లేదు. అలాంటి చోట రాత్రి డ్యూటీలో ఉన్నవాడికి తూర్పు దిగంతం మీద లేచిన కొత్త వెలుగు చుక్కలా కనిపించదు. కనిపించకూడదు కూడా. చుక్కను డ్రోన్ అని రాస్తే పోయేది కొంత పరువు. డ్రోన్‌ను చుక్క అనుకుని వదిలేస్తే పోయేది వేరు.

మొదటి విడత

2012 నవంబరు నాటి వార్తా కథనాల ప్రకారం సైన్యం, ఇండో-టిబెటన్ సరిహద్దు పోలీసు (ఐటీబీపీ) దళాలు ఆగస్టు మొదలు అక్టోబరు మధ్య దాకా వందకు పైగా వెలుగులను పైకి నివేదించాయి. వర్ణన దాదాపు ఒకటే. పసుపు రంగు గోళం చైనా వైపు దిగంతం నుంచి లేస్తుంది. మూడు నుంచి ఐదు గంటల పాటు మెల్లగా ఆకాశంలో సాగుతుంది. ఆ తర్వాత కనిపించదు.

సైన్యం ఊరుకోలేదు. సరస్సు దగ్గరి కొండ మీదికి కదిలే రాడార్‌ను, రేడియో సంకేతాలను పసిగట్టే స్పెక్ట్రమ్ ఎనలైజర్‌ను ఎక్కించారు. కంటికి ఎదురుగా కనిపిస్తున్న వెలుగు రాడార్ తెర మీద పడలేదు. ఒక నిఘా డ్రోన్‌ను దాని వైపు పంపారు. డ్రోన్ తాను ఎక్కగలిగినంత ఎత్తు ఎక్కింది, వెలుగు మాత్రం దానికి అందలేదు. సెప్టెంబరు చివర లద్దాఖ్‌లోనే ఉన్న హాన్లే వేధశాల నుంచి వచ్చిన బృందం మూడు రోజులు చూసి, ఇవి ఖగోళ వస్తువులు కావని చెప్పినట్టు కూడా ఆ కథనాల్లో ఉంది. అదే ఏడాది రక్షణ మంత్రి ఏ.కె. ఆంటోనీ, సరిహద్దులో యూఎఫ్‌ఓలు (గుర్తు తెలియని ఎగిరే వస్తువులు) కనిపించాయనడానికి నిర్ధారణ అయిన ఆధారం లేదని పార్లమెంటుకు తెలిపారు.

ఈ దశలో ఫైలు తెరిచి చూసేవాడికి ఏం కనిపిస్తుంది? రాడార్‌కు దొరకదు, డ్రోన్‌కు అందదు, చుక్క కాదు. మూడు "కాదు"లు కలిసేసరికి వస్తువు ఇంకా వింతదైపోయింది. నా అనుభవంలో వింత కేసులు ఎక్కువగా తయారయ్యేది ఇలాగే. కొత్త సాక్ష్యం ఏదీ చేరదు, ఉన్న జవాబులను ఒక్కొక్కటిగా కొట్టేస్తూ పోతారు. "గ్రహం కాదు" అని ఒక్కసారి ఫైలులో రాసుకుంటే తర్వాత చూసేవాళ్లెవరూ గ్రహాల పట్టిక తీయరు. అందుకే కొట్టివేతకు కూడా కొలత చూపించమని అడగాలి. ఆ రాత్రి గురుడు ఏ దిక్కున, ఎన్ని డిగ్రీల ఎత్తున ఉన్నాడు, వెలుగు ఏ దిక్కున, ఎన్ని డిగ్రీల ఎత్తున ఉంది, రెండింటికీ తేడా ఎంత? ఈ రెండు అంకెలూ పక్కపక్కన లేకపోతే "కాదు" అన్నది అభిప్రాయం కిందే లెక్క.

రాడార్‌కు దొరకలేదంటే

రాడార్‌లో పడలేదు గనక అది లోహం కాదు అన్న మాట అప్పట్లో బాగా తిరిగింది. ఇది నాకు మింగుడు పడని తర్కం. రాడార్ పక్షుల గుంపులను పట్టుకుంటుంది, వాన చినుకులను పట్టుకుంటుంది. లోహమే ఉండాలన్న నియమం దానికి లేదు. పల్స్ పంపి, అది తిరిగొచ్చేందుకు సెకనులో చాలా చిన్న భాగం పాటు ఎదురుచూసి, తర్వాతి పల్స్ పంపుతుంది. ఆ కొద్ది సమయంలో తిరిగి రాలేనంత దూరాన ఉన్నది దానికి లేనట్టే. 2012 డిసెంబరు 3న గురుడు సూర్యుడికి సరిగ్గా ఎదురు దిక్కున, భూమికి బాగా దగ్గరగా ఉన్నాడు. ఆ దగ్గర కూడా దాదాపు 61 కోట్ల కిలోమీటర్లు. రేడియో పల్స్ వెళ్లి రావడానికి గంట దాటుతుంది. ఇంతకన్నా ఎంతో దగ్గరి శుక్రుడి నుంచి ప్రతిధ్వని పట్టుకోవడానికే 1961లో కాలిఫోర్నియాలోని గోల్డ్‌స్టోన్ లాంటి చోట్ల భారీ యాంటెన్నాలు కావలసి వచ్చాయి. కొండ మీదికి ఎక్కించిన సైనిక రాడార్ ఏం చేయగలదు?

కంటికి బ్రహ్మాండంగా కనిపిస్తూ రాడార్‌కు దొరకనిది ఎదురైతే అది దేనితో తయారైందని అడిగే ముందు ఎంత దూరంలో ఉందని అడగాలి. డ్రోన్ కూడా అదే చెప్పింది. ఎంత ఎగిరినా వెలుగు దగ్గర పడలేదు అంటే, మనం ఎగిరిన ఎత్తు ఆ దూరం ముందు లెక్కలోకి రాదన్నమాట.

వేగం లెక్క ఇంకా తేలిక, కాగితం పెన్ను చాలు. భూమి తిరగడం వల్ల ఆకాశంలోని ప్రతి చుక్కా గంటకు సుమారు 15 డిగ్రీలు కదులుతుంది. సైనికులు చెప్పిన మూడు నుంచి ఐదు గంటల మెల్లని ప్రయాణం ఈ వేగానికి సరిపోతుంది. అదే వెలుగు పది కిలోమీటర్ల దూరంలోని డ్రోన్ అనుకుందాం. గంటకు 15 డిగ్రీలంటే అది గంటకు రెండున్నర కిలోమీటర్ల చొప్పున పోతున్నట్టు. మనిషి షికారు నడక అంతకన్నా వేగం. రెక్కలున్న ఏ డ్రోనూ ఆ వేగంతో గాలిలో నిలబడదు. వంద కిలోమీటర్ల దూరాన ఉందంటే వేగం గంటకు పాతిక దాటుతుంది, కానీ అంత దూరం నుంచి కళ్లు చెదిరేలా కనిపించే దీపం మోసేదెవరు, సరిహద్దు నిఘాకు వచ్చినవాడు దీపమెందుకు పెట్టుకుంటాడు?

155 చొరబాట్లు

నాకు ఈ కేసులో అన్నిటికన్నా నచ్చే అంకె ఇది. అక్కడ చైనా తూర్పున ఉంది, మనం పడమటన ఉన్నాం. ఆకాశంలో ఉదయించేదేదైనా తూర్పునే ఉదయిస్తుంది, అంటే చైనా భూభాగం మీద లేస్తుంది. లేచి పైకెక్కి, మన నెత్తి మీదుగా సాగి, మన వైపు కొండల వెనక దిగుతుంది. ప్రతి రాత్రీ చొరబాటే. సూర్యుడూ చంద్రుడూ కూడా రోజూ ఎల్‌ఏసీ దాటుతూనే ఉన్నారు, వాళ్లు మనకు ముఖపరిచయం కనక రిజిస్టరులోకెక్కలేదు. ఇదే రిజిస్టరును అటారీ దగ్గర తెరిచి ఉంటే గ్రహాలు మన దేశం నుంచి పాకిస్తాన్‌లోకి చొరబడి ఉండేవి.

329 అన్న అంకెను కూడా ఇలాగే చూడాలి. అది వస్తువుల లెక్క కాదు, చూడడాల లెక్క. ఒకే గురుడిని ఒక రాత్రి నాలుగు పోస్టుల నుంచి చూస్తే నాలుగు నమోదులు. మర్నాడు మళ్లీ నాలుగు. పత్రికల్లో వందల వెలుగులు అని చదివినవారికి ఆకాశం నిండా దీపాలు కనిపించాయి. నిజానికి ఎక్కువ భాగం రెండే, రోజూ హాజరు వేయించుకున్నాయి.

టైము గడిలో ఉన్న సాక్ష్యం

ఈ కేసును నేర్పేటప్పుడు, ఏ తేదీ ఆకాశాన్నైనా తెర మీద చూపే స్టెల్లేరియం అనే ప్రోగ్రాంలో ఉత్తర అక్షాంశం 33.7, తూర్పు రేఖాంశం 78.6 డిగ్రీలు పెట్టి, 2012 ఆగస్టు నుంచి రోజులు జరుపుతూ పొమ్మంటాను. ఆగస్టు మధ్యలో గురుడు అర్ధరాత్రి దాటాక లేస్తాడు. అక్టోబరు మధ్యకు రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతానికి వచ్చేస్తాడు. డిసెంబరు మొదటి వారంలో సూర్యుడు దిగీ దిగగానే తూర్పున తయారుగా ఉంటాడు, తెల్లవార్లూ ఉంటాడు. ఫిబ్రవరికి చీకటి పడేసరికే నెత్తి మీద ఉంటాడు. నెలకు రెండు గంటలకు పైగా ముందుకు జరుగుతూ వచ్చాడు. ఇది నక్షత్రాల గడియారం. మనుషులు నడిపే డ్రోన్ ఏదీ ఈ పద్ధతిలో రోజుకు నాలుగైదు నిమిషాలు ముందుగా బయలుదేరదు.

శుక్రుడి నడక దీనికి ఎదురు. 2012 జూన్ 6న సూర్యబింబం మీదుగా నల్లచుక్కలా దాటిన శుక్రుడు, ఆగస్టు 15కు సూర్యుడి నుంచి పడమటి వైపు దాదాపు 46 డిగ్రీలు ఎడంగా వెళ్లాడు. అప్పుడు తెల్లవారుజామున రెండు దాటాక లేచేవాడు. నవంబరు మధ్యకు నాలుగు దాటాక లేస్తున్నాడు. కొత్త సంవత్సరంలో సూర్యోదయానికి దగ్గర పడిపోయి మార్చి 28న సూర్యుడి అవతలికి చేరాడు. ఒక వెలుగు నెల నెలకూ తొందరపడుతుంటే ఇంకొకటి ఆలస్యమవుతోంది. రిజిస్టరులో "మొదట కనిపించిన టైము" అన్న గడిని తేదీల వారీగా గ్రాఫు గీస్తే రెండు గీతలు ఎదురు దిక్కుల్లో ఒకదానికొకటి దూరమవుతూ కనిపించాలి. గ్రహాలు తమ సంతకం అక్కడే పెట్టాయి.

మన ఇళ్లలో గోడకు వేలాడే నందన నామ సంవత్సరం పంచాంగంలో ఆ ఏడాది మే నుంచి గురువు వృషభంలో అని అచ్చయి ఉంది. రోహిణీ నక్షత్రం పక్కన అంత పెద్ద చుక్క ఉంటే అది ఎవరో చెప్పడానికి వేధశాల అక్కర్లేదు. రోహిణి ఎక్కడుందో తెలిసిన మనిషి ఒక్కడు పోస్టులో ఉంటే చాలు. ఒకప్పుడు కృత్తికలను, గొల్లకావిడిని చూసి రాత్రి వేళ చెప్పే రైతులు ప్రతి ఊళ్లో ఉండేవాళ్లు. ఇప్పుడు ఆ పని సెల్‌ఫోను చేస్తోంది.

ఐఐఏ వాళ్లు కేసును పట్టుకున్నది కూడా ఈ కొస నుంచే. వెలుగులు ఖగోళానికి చెందినవా, భూమికి చెందినవా తేల్చడమే తమ పని అని ఆ సంస్థ శాస్త్రవేత్త తుషార్ ప్రభు పత్రికతో చెప్పారు. వెలుగుల కదలికను నక్షత్రాలతో పోల్చి చూశాక గురుడు, శుక్రుడు అని తేలింది. ఇంత సాధారణమైన పద్ధతి కొండ మీది రాడార్ కన్నా ముందు రావలసింది.

అంత మంది కళ్లు ఎలా మోసపోయాయి

మోసపోవడం అన్న మాట కొంచెం అన్యాయం. 4,300 మీటర్ల ఎత్తున గాలి ఒత్తిడి సముద్ర మట్టంలో ఉండేదానిలో అరవై శాతం లోపే. దుమ్ము లేదు, తేమ లేదు, దీపాల కాంతి లేదు. హైదరాబాదులో శుక్రుడు దిగంతం దగ్గర పొగమంచులో ఎర్రగా, నీరసంగా పుడతాడు. పాంగాంగ్ దగ్గర కొండ అంచు వెనక నుంచి నిండు వెలుగుతో ఒక్కసారిగా బయటపడతాడు. కొండ వెనక ఎవరో దీపం వెలిగించి పైకి వదిలినట్టే ఉంటుంది. దిగంతానికి దగ్గరగా ఉన్నంతసేపూ గాలి పొరల్లో కాంతి వంగుతుంది, రంగులు మారుతుంది, అదురుతుంది. చుట్టూ చీకటిలో ఒక్క చుక్కనే తదేకంగా చూస్తే కదలని చుక్క కూడా ఊగుతున్నట్టు తోస్తుంది. కనుగుడ్డు చేసే చిన్న చిన్న కదలికలను మెదడు చుక్కకు అంటగడుతుంది. శుక్రుడు అంత స్వచ్ఛమైన ఆకాశంలో పొద్దెక్కాక కూడా కనిపిస్తాడు. పగటి పూట చుక్క కనిపిస్తుందని ఎప్పుడూ వినని వాడికి అది ఇంకేదో అనిపించడంలో వింతేముంది?

శిక్షణ పొందిన కళ్లు తప్పు చూడవన్న నమ్మకం సైనిక దర్యాప్తులన్నింటినీ పట్టి పీడిస్తుంది. 1948 జనవరి 7న అమెరికాలోని కెంటకీలో థామస్ మాంటెల్ అనే పైలట్ ఆకాశంలోని ఒక మెరిసే వస్తువును తరుముతూ, ఆక్సిజన్ సదుపాయం లేకుండానే పైపైకి ఎక్కి స్పృహ తప్పి విమానం కూలి చనిపోయాడు. అతను అనుభవం ఉన్న పైలట్. అమెరికా వైమానిక దళం మొదట అది శుక్రుడు అంది. తర్వాత, చాలా ఎత్తున ఎగిరే స్కైహుక్ బెలూన్ అన్న వివరణ బలపడింది. స్కైహుక్ నౌకాదళపు రహస్య కార్యక్రమం, వెంట తరిమినవాళ్లకు దాని సంగతే తెలియదు. వైమానిక దళం ఇలాంటి వింత వెలుగుల దర్యాప్తుకు పెట్టిన ప్రాజెక్ట్ బ్లూ బుక్ కింద, 1969లో దాన్ని మూసేసేనాటికి పోగుచేసినవి 12,618 నివేదికలు. వాటిలో 701 గుర్తు తెలియనివిగానే మిగిలాయి. ఈ 701 గురించి పుస్తకాలకు పుస్తకాలు వచ్చాయి. గుర్తించగలిగిన పదకొండు వేల పైచిలుకును ఎవరు ఎలా గుర్తించారో చదివితే పని నేర్చుకోవచ్చు, అది ఎవరికీ అంత ఆసక్తి కలిగించలేదు.

మాంటెల్ కేసు చూశాక "శుక్రుడు" అన్న జవాబును కూడా నేను కొలవకుండా ఒప్పుకోను. చేతికందిన గ్రహం పేరు చెప్పి ఫైలు మూసేయడం, డ్రోన్ అని చెప్పి భయపెట్టడం, రెండూ ఒకే రకం బద్ధకం. థాకుంగ్ విషయంలో రోజూ వచ్చి గంటల తరబడి ఉన్న రెండు వెలుగులకు గురుడు, శుక్రుడు అన్న జవాబు గట్టిదని నా అభిప్రాయం. రిజిస్టరులో నిమిషాల్లో దాటిపోయిన వెలుగులు ఏవైనా ఉంటే వాటిని ఈ జవాబు కింద తోసేయకూడదు. వాటికి ఉపగ్రహాల పట్టిక తీయాలి. ఆ రోజుల్లో ఇరిడియం ఉపగ్రహాల అద్దంలాంటి యాంటెన్నాల మీద ఎండ పడి కొన్ని సెకన్ల పాటు శుక్రుడికన్నా ఎన్నో రెట్లు మెరిసేవి. అదీ కుదరకపోతే అప్పుడు డ్రోన్ మాట.

బెలూన్ సంగతి వచ్చింది గనక మన ఊరి ముచ్చట ఒకటి. 2022 డిసెంబరు 7న హైదరాబాదు మీద పొద్దున్నే తెల్లని గుండ్రటి వస్తువు కదలకుండా నిలబడితే ఫోన్లన్నీ పైకి లేచాయి. అది హైదరాబాదులోనే ఉన్న టాటా మౌలిక పరిశోధనా సంస్థ (టీఐఎఫ్‌ఆర్) బెలూన్ కేంద్రం నుంచి ఒక స్పెయిన్ సంస్థ కోసం ఎగరేసిన భారీ బెలూన్. దానికి వేలాడదీసిన గుండ్రటి పెట్టె వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలంలో పొలాల్లో దిగింది, ఊరంతా చూడడానికి పోయింది. ఆ కేసు మధ్యాహ్నానికే తేలిపోయింది. ఎగరేసినవాళ్లు పక్కనే ఉన్నారు, అడిగితే చెప్పారు. సరిహద్దులో అవతలివాణ్ని అడిగే వీల్లేదు. అందుకే అక్కడ కొలతే గతి.

పోస్టుకు ఏం ఇవ్వాలి

ఖరీదైన పరికరం అక్కర్లేదు. రిజిస్టరులో రెండు గళ్లు పెంచితే చాలు. ఒకటి, వెలుగుకు దగ్గరగా ఉన్న నక్షత్రం ఏది, గంట తర్వాత వాటి మధ్య దూరం మారిందా. మారకపోతే అది ఆకాశంతో పాటే తిరుగుతోంది, కథ అక్కడికి ముగిసింది. చెయ్యి చాపి పిడికిలి అడ్డం పెడితే సుమారు పది డిగ్రీలు, ఆ కొలత చాలు. రెండు, అదే నిమిషంలో ఇంకో పోస్టు నుంచి చూస్తే ఏ దిక్కున ఉంది. పది కిలోమీటర్ల ఎడంలో ఉన్న రెండు పోస్టులు, వాటికి ఎదురుగా ఇరవై కిలోమీటర్ల దూరంలోని వస్తువును చూస్తే దిక్కుల్లో 28 డిగ్రీల తేడా రావాలి. మామూలు దిక్సూచి కూడా దాన్ని పట్టేస్తుంది. గ్రహమైతే తేడా సున్నా. వైర్‌లెస్‌లో రెండు మాటలు, ఒకే టైముకు రెండు అంకెలు. డ్రోన్ అయితే ఈ పద్ధతిలో దాని దూరం, ఎత్తు కూడా దొరుకుతాయి కాబట్టి సైన్యానికి రెండు విధాలా లాభమే.

దీనితో పాటు ఆ నెల గ్రహాల పట్టిక ఒక కాగితం డ్యూటీ గదిలో అంటించాలి. శుక్రుడు ఎనిమిదేళ్లకోసారి దాదాపు అవే తేదీల్లో ఆకాశంలో అదే చోటికి వస్తాడు. 2012 ఆగస్టు 15న సూర్యుడికి పడమట గరిష్ఠ దూరంలో నిలిచినవాడు 2020 ఆగస్టు 13న మళ్లీ అక్కడే నిలిచాడు. అదే నెలాఖరున, 29వ తేదీ రాత్రి, పాంగాంగ్ దక్షిణపు ఒడ్డున మన దళాలు ఎత్తైన శిఖరాలను పట్టుకున్నాయి. ఈసారి అవతల ఉన్నవి నిజమైన ట్యాంకులు, నిజమైన సైన్యం. తెల్లవారుజామున శుక్రుడు చైనా వైపు నుంచే లేచి ఉంటాడు. 2028 ఆగస్టులో మళ్లీ అదే చోట, రెండు దాటాక లేస్తాడు. కాగితం ఇప్పుడే రాసి అంటించవచ్చు.